పొద్దుటి కాఫీ చిత్రం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల నడిపేజీల్లో వేసిన రంగుల చిత్రం మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. ఆ సంచిక చూడనివారి కోసం రెండు మాటలు. ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాన్స్వా బూషే (1703–1770) 1739లో కాన్వాస్ మీద వేసిన తైలవర్ణ చిత్రమది. పేరు 'ల దెజనే', పొద్దుటి ఫలహారం. ఎత్తు 81.5, వెడల్పు 65.5 సెంటీమీటర్లు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. చిన్న బల్ల చుట్టూ ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. వెండి పాత్ర పట్టుకుని నిలబడ్డ ఒక మగమనిషి. వెనక నిలువుటద్దం, గోడకు బంగారుపూత గడియారం, అరలో చైనా బొమ్మ. జరిగేదల్లా ఇంతే. అయినా రొకోకో శైలి (18వ శతాబ్దపు ఫ్రెంచి అలంకార శైలి) ఇంటి లోపల ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే మంచి చిత్రం లేదని మా అభిప్రాయం.

ఆ నిలబడ్డ మనిషి ఇంటి యజమానా, నౌకరా? ఆ పాత్రలో ఉన్నది కాఫీయేనా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన జరిగింది. – ఒక పాఠకురాలు, విజయవాడ

మీ ఇంట్లోనే కాదు, కళా చరిత్రకారుల మధ్యా జరిగింది. ఆ మనిషిని భర్త అనుకున్నవాళ్లున్నారు, నౌకరు అనుకున్నవాళ్లున్నారు, కాఫీ దుకాణం నుంచి పాత్ర పట్టుకొచ్చిన కుర్రాడు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో పారిస్ కాఫీ దుకాణాలవాళ్లు ఇళ్లకు పానీయాలు పంపేవారు కాబట్టి మూడోదీ కొట్టిపారేయదగ్గది కాదు. మాకైతే అతను వడ్డించడానికి వచ్చినవాడిలాగే కనిపిస్తాడు. కుర్చీలు ఆడవాళ్లవి, బల్ల ఆడవాళ్లది. అతను మాత్రం నిలబడే ఉన్నాడు.

ఇక పాత్ర సంగతి. 18వ శతాబ్దపు ఫ్రెంచి వెండి పాత్రల్లో కాఫీవీ చాక్లెట్‌వీ పైకి ఒకేలా ఉంటాయి. రెండింటికీ పక్కకు పొడుచుకొచ్చిన కొయ్య పిడి ఉంటుంది, చాలావాటికి మూడు కాళ్లుంటాయి. తేడా మూతలో ఉంటుంది. చాక్లెట్ పాత్ర మూత మధ్యలో ఒక రంధ్రం, దాని మీద పక్కకు జరిగే చిన్న బిళ్ల ఉంటాయి. ఆ రంధ్రంలోంచి ఒక కొయ్య కడ్డీ దింపి, మనం కవ్వంతో మజ్జిగ చిలికినట్టు, రెండు అరచేతుల మధ్య తిప్పేవారు. కోకో బిళ్లలను చక్కెర, దాల్చినచెక్క, వనిలాతో నీళ్లలోనో పాలలోనో కాచేవారు. కోకోలో కొవ్వు ఎక్కువ కాబట్టి కాచి ఊరుకుంటే పైన జిడ్డు తేలి, అడుగున మడ్డి దిగుతుంది. చిలికితేనే రెండూ కలిసి నురగ కడుతుంది. అందుకే కడ్డీ. కాఫీకి ఇదంతా అక్కర్లేదు. పొడి నీళ్లలో కాచి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైతేట వంచుకునేవారు. బూషే చిత్రంలో కడ్డీ కనబడదు. కాబట్టి కాఫీ అన్నవాళ్లకే మా ఓటు. కడ్డీ తీసేశాక పోస్తున్నాడని ఎదుటివాళ్లు వాదిస్తే కాదనడానికి ఆధారం లేదు.

1739 నాటికి ఫ్రాన్స్‌కు కాఫీ ఒక్క యెమెన్‌లోని మోఖా రేవు నుంచే రావడం లేదు. హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవిలో (ఇప్పటి రీయూనియన్) 1715 నుంచీ, కరీబియన్‌లోని మార్టినిక్‌లో 1720ల నుంచీ ఫ్రెంచివాళ్లు తోటలు వేశారు. అక్కడ చాకిరీ చేసింది బానిసలు. రాజుగారింటి పానీయం మధ్యతరగతి బల్ల మీదికి దిగడానికి కారణం ఆ తోటలు. కప్పులోని చక్కెర కథా అదే.

అది బూషే సొంత ఇల్లేనని ఒక పుస్తకంలో చదివాను. నిజమా? – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

అలా అనుకోవడానికి వీలుంది, రుజువు లేదు. బూషే 1733లో మరీ-జాన్ బ్యూజోను పెళ్లాడాడు. 1735లో కూతురు, 1736లో కొడుకు పుట్టారు. 1739లో చిత్రం వేసేసరికి ఇంట్లో సరిగ్గా ఇద్దరు చిన్నపిల్లలు. లెక్క కుదిరింది కాబట్టి 'కుటుంబ చిత్రం' అన్న మాట పుట్టింది. కానీ బూషే ఎక్కడా అలా రాసుకోలేదు.

మనుషుల కంటే వస్తువులు మంచి సాక్షులు. అరలో కూర్చుని నవ్వుతున్న బొజ్జ బొమ్మను అప్పటి ఫ్రెంచివాళ్లు 'పగోడ్' అనేవారు. చైనా నుంచి వచ్చే ఇలాంటి బొమ్మలు, లక్కపూత పెట్టెలు, పింగాణీ అమ్మే ఎద్మ్-ఫ్రాన్స్వా జెర్సాఁ అనే వర్తకుడి దుకాణం పారిస్‌లో నోత్ర్-దామ్ వంతెన మీద ఉండేది. దాని పేరే 'పగోడ్ గుర్తు'. 1740లో ఆ దుకాణానికి ప్రచార పత్రం గీసిచ్చింది సాక్షాత్తూ బూషేనే. దాని నిండా ఇలాంటి సరుకే. పైగా బూషేకు సేకరణ పిచ్చి. అతను పోయాక 1771లో ఇంట్లోవి వేలం వేస్తే చైనా వస్తువులు, గవ్వలు, ఖనిజాలు, పింగాణీ కుప్పలుగా బయటపడ్డాయి.

కాబట్టి మా మాట ఇది: వస్తువులు నిజం, అమరిక చిత్రకారుడిది. ఒక్క చిన్న గదిలో నిలువుటద్దం, వంపుల గడియారం, గోడ దీపస్తంభం, లక్కపూత బల్ల, పగోడ్ అన్నీ కంటికి ఆనేలా సర్దడం కాపురం చేసేవాళ్ల పద్ధతి కాదు, సరుకు తెలిసినవాడి పద్ధతి. అన్నిటికంటే ఖరీదైనది అద్దమే కావచ్చు. కరిగిన గాజును బల్ల మీద పోసి పెద్ద పలకలు చేసే పని ఫ్రాన్స్‌లో సాఁ-గోబేఁ కర్మాగారంలో 17వ శతాబ్దం చివర కుదురుకుంది. అందువల్లే ఇంత పెద్ద అద్దం ఒక మామూలు ఇంటి చిత్రంలోకి రాగలిగింది.

చిన్నపిల్ల తలకు చుట్టిన ఆ దిండులాంటిది ఏమిటి? – హన్మకొండ

దెబ్బ తగలకుండా పెట్టే మెత్త. గుడ్డలో దూది లాంటిది కూరి వలయంలా కుట్టి, నడక నేర్చుకునే పిల్లల తలకు కట్టేవారు. చాలాసార్లు గౌను భుజాలకు పొడుగాటి పట్టీలు కూడా కుట్టేవారు, పెద్దవాళ్లు వెనక నుంచి పట్టుకోవడానికి. ఇంకో సంగతి: గౌను వేసుకుంది కాబట్టి ఆడపిల్లే అనుకోకండి. ఆ కాలంలో మగపిల్లలకూ ఐదారేళ్లు వచ్చేదాకా గౌనులే. ఈ చిత్రంలో పక్కన బొమ్మ ఉంది, కొయ్య గుర్రమూ ఉంది. రెండింటినీ కలిపి పెట్టి బూషే మనల్ని తికమక పెట్టాడు.

బూషే కాలపు ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ కూడా ఇళ్లలోని దృశ్యాలే వేశాడు కదా. ఆయన్ని రొకోకో అనరేం? – అధ్యాపకుడు, అనంతపురం

కాలం ఒకటే, కొనుక్కున్నవాళ్లూ కొంతమేరకు ఒకటే. పారిస్‌లో స్వీడన్ రాయబారిగా ఉన్న కౌంట్ కార్ల్ గుస్తాఫ్ టెస్సిన్ ఇద్దరి దగ్గరా చిత్రాలు తీసుకున్నాడు. వాటిని పక్కపక్కన పెడితే మీ ప్రశ్నకు జవాబు కళ్లకే దొరుకుతుంది.

1741లో షార్దాన్ వేసిన 'పొద్దుటి అలంకరణ' ఇప్పుడు స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. ప్రార్థనకు బయల్దేరేముందు తల్లి కూతురి టోపీ సర్దుతుంది. కూతురు ఓరకంట అద్దం వంక చూస్తుంది. పీట మీద ప్రార్థన పుస్తకం. గదిలో సగం చీకటి. 1742లో బూషే టెస్సిన్‌కే వేసిన 'లా త్వాలెత్' (అలంకరణ) మాడ్రిడ్‌లోని తిస్సెన్ మ్యూజియంలో ఉంది. 52.5 × 66.5 సెంటీమీటర్ల చిన్న చిత్రమే. ఒకామె మేజోడుకు రిబ్బను కట్టుకుంటోంది, పనిమనిషి టోపీ చూపిస్తోంది, కాళ్ల దగ్గర పిల్లి దారపుండతో ఆడుతోంది, వెనక పక్షుల బొమ్మల చైనా తెర, ఒక పక్క టీ సామాను, నేల మీద ఊదుతిత్తి. ఒక్క అంగుళం ఖాళీ లేదు.

షార్దాన్ రంగు పొడిపొడిగా, పొర మీద పొరగా ఉంటుంది. దగ్గరికెళ్తే గరుకు. బూషే కుంచె తడిగా, వంపు తిరుగుతూ పోతుంది. అంచు దగ్గర ఆగి చిన్న మెరుపు చుక్క పెట్టి వదిలేస్తుంది. రొకోకో అనేది వస్తువు ఎంపికలో కంటే ఈ వంపులో, ఎడమ కుడి సరితూగని అలంకారంలో, గవ్వ ఆకారాల్లో ఉంటుంది. గోడ గడియారం చట్రాన్ని మధ్యలో నిలువుగా కోసినట్టు ఊహించుకోండి. రెండు సగాలూ ఒకదానికొకటి సరిపోవు. విమర్శకుడు దిదెరో 1761లో బూషే గురించి ఇతనికి అన్నీ ఉన్నాయి, సత్యం తప్ప అన్నాడు. కొంత అన్యాయం. కాఫీ బల్ల చిత్రం ముందు నిలబడి ఆ మాట అనడం కష్టం.

ఈ చిత్రాన్ని ఆయిల్ కలర్స్‌లో నకలు చేద్దామని మొదలుపెట్టాను. ముఖాలు సున్నం కొట్టినట్టు, నీలం మరీ ఘాటుగా వస్తున్నాయి. కాన్వాస్ తయారీ నుంచి చెప్పగలరా? – చిత్రలేఖనం టీచరు, కాకినాడ

తప్పు రంగుల్లో కంటే కింది పూతలో ఉండివుంటుంది. తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టారా? 18వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు సాధారణంగా రెండు పూతల కాన్వాస్ వాడేవారు: కింద ఎర్రమట్టి రంగు, దాని మీద బూడిదరంగు. ముఖం మీది మెత్తని నీడలకు ఆ బూడిదరంగే ఆధారం.

సగం కొలతలో చేయండి, 41 × 33 సెంటీమీటర్లు. గళ్లు గీయడానికి ఈ చిత్రం బాగా అనుకూలం. ఎత్తును 10 భాగాలు, వెడల్పును 8 భాగాలు చేస్తే ఇంచుమించు నిఖార్సయిన చదరాలొస్తాయి. మీ కాన్వాస్ మీద ఒక్కో గడి సుమారు 4.1 సెంటీమీటర్లు.

రెడీమేడ్ కాన్వాస్ మీద అక్రిలిక్ గెస్సో (రంగులకు ముందు వేసే తెల్ల పూత) ఇంకో పూత వేసి, ఆరాక సన్న ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. తర్వాత అక్రిలిక్ రెడ్ ఆక్సైడ్ గెస్సోలో కలిపి ఒక పూత. మర్నాడు బూడిద పూత: తెలుపు గెస్సోలో కొద్దిగా నలుపు, చిటికెడు రా అంబర్. ఎరుపు అక్కడక్కడ తొంగిచూసేంత పల్చగా ఉండాలి. ఆయిల్ మొదలుపెట్టే ముందు 3 రోజులు ఆరనివ్వండి. వానాకాలం కాకినాడలో ఇంకో రెండ్రోజులు కలుపుకోండి. తడి లోపల చిక్కుకుంటే ఆయిల్ పొర పట్టు వదిలేస్తుంది. అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది; ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వేయొద్దు, పెచ్చులుగా లేస్తుంది.

బొమ్మ గీతలు తెల్ల సుద్దతో. గీత కుదిరాక టర్పెంటైన్‌లో పల్చన చేసిన బర్న్‌ట్ అంబర్‌తో ఖాయం చేసి, సుద్ద దులిపేయండి. మొదటి రంగుపొర టర్పెంటైన్‌తో పల్చగా. తర్వాతి పొరల్లో క్రమంగా అవిసె నూనె పెంచండి. ఈ వరస తలకిందులైతే, అంటే కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే, పైపొర ముందు ఎండి బిగుసుకుంటుంది, కింది పొర కదులుతూనే ఉంటుంది. పగుళ్లు వచ్చేది అందుకే.

ఇప్పుడు ముఖాలు. బూషే నాటి తెలుపు సీసపు తెలుపు, వెచ్చగా, కాస్త పారదర్శకంగా ఉండేది. మీ ట్యూబులోది టిటానియం వైట్ అయ్యుంటుంది. అది చల్లగా, గాఢంగా ఉండి పక్క రంగులన్నిటినీ మింగేస్తుంది. సున్నం కొట్టినట్టుండటానికి సగం కారణం అదే. సీసపు తెలుపు కోసం పరుగెత్తకండి, అది విషం. స్కూలు పిల్లలుండే చోట అసలే వద్దు. టిటానియం వైట్ 10 పాళ్లకు ఎల్లో ఆకర్ 1 పాలు, వెర్మిలియన్ స్థానంలో కాడ్మియం రెడ్ లైట్ అర పాలు కలిపి వెలుగు రంగు సిద్ధం చేసుకోండి. వెచ్చదనం ముందే వచ్చేస్తుంది. నీడకు నలుపు కలపొద్దు. కింది బూడిదను అలాగే వదిలి, పైన టెర్ వెర్త్ ఆకుపచ్చను జాడలా రాయండి. బుగ్గ ఎరుపు ఆఖర్న, ఆరిన పొర మీద, పల్చటి గ్లేజుగా, అంటే కింది రంగు కనిపించే పారదర్శక పొరగా. దానికి మామూలు అలిజరిన్ క్రిమ్సన్ కొనొద్దు, వెలుతురుకు వెలిసిపోతుంది. ట్యూబు మీద పీవీ 19 అని ఉన్న క్వినాక్రిడోన్ ఎరుపు నిలుస్తుంది.

నీలం ఘాటు సంగతి. 18వ శతాబ్దం మొదటి దశకంలో బెర్లిన్‌లో కనిపెట్టిన ప్రష్యన్ బ్లూ బూషేకు ఇష్టమైన రంగు. చవక, కానీ బలం రాక్షసంగా ఉంటుంది. తెలుపు ముద్దలో బియ్యపు గింజంత కలిపి చూడండి, చాలకపోతే ఇంకో గింజ. నీలంలో తెలుపు కలుపుతూ పోతే ట్యూబంతా అయిపోయినా లేత రంగు రాదు. చేతి గుడ్డకు, కుంచె కాడకు అంటి ముఖం మీదికీ పాకుతుంది కాబట్టి దానికి కుంచె విడిగా ఉంచండి. ఎక్కువ తెలుపు కలిసిన ప్రష్యన్ బ్లూ ఏళ్లు గడిచేకొద్దీ కొంత వెలుస్తుందని కూడా తెలుసుకోండి. పాత చిత్రాల్లో చెట్లు నీలంగా కనిపించడానికి కారణం ఇంకొకటి: నీలంతో కలిపిన పసుపు 'లేక్' రంగు (మొక్కల నుంచి తీసిన రంగు) ఎగిరిపోయి నీలం మాత్రం మిగలడం.

గడియారానికి బంగారు రంగు ట్యూబు ముట్టుకోవద్దు. రా అంబర్, ఎల్లో ఆకర్, నేపుల్స్ యెల్లో మూడు మెట్లు చాలు; చివర వెచ్చని తెలుపుతో మందంగా నాలుగు చుక్కలు. బూషే చుక్కలు లెక్కపెట్టి చూడండి, మీరనుకున్నదానికంటే తక్కువుంటాయి. వెండి పాత్రకు ప్రత్యేకమైన రంగేమీ లేదు. చుట్టూ ఉన్న బట్టల రంగులే బూడిదలో కలిసి దాని మీద పడతాయి.

ముదురు చోట్ల రంగు ఇంకిపోయి మచ్చలుగా మాడినట్టు కనిపిస్తే కంగారుపడకండి. ఆరాక అక్కడ పల్చగా నూనె రాసి, పది నిమిషాల తర్వాత గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఆ నూనె గుడ్డలను ముద్దచేసి మూలన పడేయొద్దు, వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరుబయట పరచండి. వార్నిష్‌కు కనీసం 6 నెలలు ఆగాలి.

ఇంటి హాలులో అసలు కొలతలో ప్రింటు పెట్టుకోవాలి. ఫోనులో దించుకున్న ఫొటో సరిపోతుందా? – హైదరాబాద్

సరిపోదు. అంగుళానికి 200 చుక్కలన్నా కావాలి. 81.5 × 65.5 సెంటీమీటర్లకు లెక్కేస్తే దాదాపు 6,420 × 5,160 పిక్సెళ్లు. సోషల్ మీడియాలో తిరిగే ఫొటోలకు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మ్యూజియం సొంత వెబ్‌సైటులో వెతకండి. స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియం 2016లో వేల చిత్రాలను పెద్ద సైజులో ఉచితంగా విడుదల చేసింది. అక్కడ బూషే 1746లో వేసిన 'రిబ్బన్ల అమ్మకందారు' చిత్రం ఉంది, కొలత 64 × 53 సెంటీమీటర్లు. హాలు గోడకు అదీ బాగానే ఉంటుంది. ముందు ఎ4 సైజులో నమూనా తీయించి పగటి వెలుతురులో చూడండి. ఎల్‌ఈడీ లైటు కింద చర్మం రంగు మోసం చేస్తుంది.

వస్తువులను కళ్లారా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ సామాను, గడియారాల విభాగాలున్నాయి. శుక్రవారం సెలవు.

మచిలీపట్నం కలంకారీ అప్పట్లో ఫ్రాన్స్‌కు వెళ్లేది కదా. ఈ చిత్రంలో ఎక్కడైనా ఉందా? – చేనేత పరిశోధకురాలు, పెడన

ఇందులో వెతకొద్దు. బూషే ఇక్కడ వేసింది పట్టు మెరుపే. కానీ మీ ప్రశ్న దారి తప్పిందేమీ కాదు. మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ల వర్తక స్థావరం 1669లోనే మొదలైంది. మన పూల అద్దకం బట్టలు అక్కడ ఎంతగా అమ్ముడయ్యాయంటే, స్థానిక పట్టు, ఉన్ని నేతవారి గోల భరించలేక 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఉంది. అంటే ఈ కాఫీ చిత్రం వేసేనాటికి మన కలంకారీ ఫ్రాన్స్‌లో దొంగసరుకు. అయినా కలవారు ఇంట్లో వేసుకునే అంగీలకు, తెరలకు వాడుతూనే ఉండేవారు.

బూషే 'లా త్వాలెత్' వేసిన 1742లోనే, గాస్తోఁ-లోరాఁ కర్దూ అనే జెసూట్ మతగురువు కోరమండల్ తీరం నుంచి బట్టల అద్దకం గురించి వివరంగా ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చుకుని తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడాయన. బట్టను కరక్కాయ, గేదెపాలలో ఊరబెట్టడం నుంచి మొదలుపెట్టాడు. పాలలోని కొవ్వు లేకపోతే నల్ల కారం (ఇనుముతో చేసే నల్లరంగు ద్రవం) బట్ట మీద పాకిపోతుందని మీకు చెప్పక్కర్లేదు. ఫ్రెంచివాళ్లకు తెలియనిది అదే. నిషేధం తొలగిన మరుసటేడు, 1760లో, వెర్సాయ్ దగ్గర జూయి అనే ఊళ్లో ఓబెర్‌కాంఫ్ తన అద్దకం కర్మాగారం తెరిచాడు.

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఇలాంటి ఫ్రెంచి దృశ్యం నలుపు తెలుపు ముద్రణ ఒకటి దొరికింది. పుస్తకంలోని చిత్రానికి ఎడమ కుడి తారుమారుగా ఉంది. పాతదేనా? – రాజమహేంద్రవరం

తారుమారు కావడం మంచి సూచనే కానీ రుజువు కాదు. చెక్కేవాడు చిత్రాన్ని రాగి పలక మీద ఉన్నదున్నట్టు చెక్కితే, కాగితం మీద అద్దంలో బొమ్మలా పడుతుంది. అలా కాకూడదనుకున్నవాళ్లు ముందే తిప్పి చెక్కేవారు.

పదింతలు పెద్దగా చూపే భూతద్దం తెచ్చుకోండి. బొమ్మంతా వరసగా చుక్కలుంటే అది ఆఫ్‌సెట్ ముద్రణ, వెల అంతంతమాత్రం. గీతలుంటే ఒక్కో గీత కొస చూడండి. రాగి పలక గీత కొసకు సన్నబడుతుంది, సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బొమ్మ చుట్టూ పలక ఒత్తిన పల్లం ఉందేమో వేలితో తడమండి. అంచులు కత్తిరించి ఉంటే అది పోయుండొచ్చు. కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టండి. దగ్గరదగ్గర సన్నగీతలు, వాటికి అడ్డంగా దాదాపు 2.5 సెంటీమీటర్లకొకటి ముదురు గీత కనిపిస్తే చేతితో అచ్చులో తీసిన కాగితం. కింద ఎడమ మూల పేరు పక్కన 'పింక్సిట్' అని ఉంటే చిత్రకారుడు, కుడి మూల 'స్కల్ప్‌సిట్' అని ఉంటే చెక్కినవాడు.

ఇవన్నీ ఉన్నా 18వ శతాబ్దానిదేనని ఖాయం చేయలేం. పాత పలకలనే 19వ శతాబ్దంలో మళ్లీ మళ్లీ ముద్రించారు. పలక అరిగితే ముందు పోయేది ముఖాల మీది సన్నగీతలు. ముఖం తెల్లగా, ఖాళీగా ఉండి, బట్టల ముదురు మడతలు మాత్రం బాగుంటే ఆలస్యంగా తీసిన ప్రతి. ఫొటో పద్ధతిలో చేసిన నకళ్లూ ఉన్నాయి. వాటిలో గీతలన్నీ ఒకే లోతున, చప్పగా ఉంటాయి.

ఏదైనా సరే, లామినేషన్ చేయించొద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి దిగితే ఎవరూ తీయలేరు. సెల్లోటేపు జిగురు పదేళ్లకు గోధుమ మచ్చవుతుంది. చిరుగులకు గోధుమ గంజి, పల్చటి జపాన్ కాగితం వాడాలి. ఫ్రేము కట్టించేటప్పుడు యాసిడ్ లేని కాటన్ మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) అడగండి, గాజుకూ కాగితానికీ మధ్య 3–4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆనుకుంటే గోదావరి గాలి తేమకు కాగితం గాజుకు అతుక్కుంటుంది. బయటి గోడకు, వంటింటి గోడకు తగిలించొద్దు. గోధుమ చుక్కలు ఇప్పటికే ఉంటే ఇంట్లో బ్లీచింగ్ ప్రయత్నాలు మానేసి, కాగితం భద్రపరిచే పని తెలిసిన నిపుణుడికి చూపించండి.